న్యాయసభ లేని వీరగాథ: బొబ్బిలి కథలో తాండ్ర పాపారాయుడు

ఉపోద్ఘాతం

తెలుగు చారిత్రక వీరగాథల్లో బొబ్బిలి కథకు ఉన్న ప్రచారం మరి కొద్ది గాథలకే ఉంది. 1757 జనవరి 24న జరిగిన ఒక్కనాటి యుద్ధం జంగం కథగా, పద్యకావ్యంగా, నాటకంగా, బుర్రకథగా, చలనచిత్రంగా రెండున్నర శతాబ్దాలకు పైగా చెప్పబడుతూనే ఉంది. ఈ కథ మీద వచ్చిన పరిశీలనల్లో ఎక్కువ భాగం, గాథలో చరిత్ర పాలు ఎంత, కల్పన పాలు ఎంత అన్న విచారణకే పరిమితమైంది. ఆ విచారణ అవసరమైనదే. అయితే దానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. కోటను కాపాడుతూ ప్రాణాలర్పించిన రాజు ఉండగా, యుద్ధ సమయానికి కోటలో లేని తాండ్ర పాపారాయుడు ప్రజల స్మృతిలో ప్రధాన వీరుడు ఎలా అయ్యాడు? రాత్రివేళ శత్రువు గుడారంలో చేసిన వధను శ్రోతలు వీరకృత్యంగా ఎందుకు అంగీకరించారు? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు సమాధానం వెతికే ప్రయత్నం.

పేరు లేని సైనికుల నుంచి పేరున్న వీరుని దాకా

ఈ యుద్ధానికి దొరికే తొలి ఆంగ్ల కథనాల్లో ముఖ్యమైనది రాబర్ట్ ఓర్మ్ రాసినది. 1763, 1778 సంవత్సరాల్లో వెలువడిన అతని సైనిక చరిత్ర సంపుటాల్లో బొబ్బిలి ఘట్టం విపులంగా ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి కోటను ముట్టడించడం, లొంగడానికి నిరాకరించిన రంగారావు పక్షం వారు తమ స్త్రీలనూ పిల్లలనూ తామే కడతేర్చి ఆ నివాసాలకు నిప్పు పెట్టడం, రంగారావు పోరాడి నేలకొరగడం, ఒక వృద్ధుడు రాజుగారి పసిబిడ్డను బతికించి ఫ్రెంచి అధికారికి అప్పగించడం అందులోని ముఖ్యాంశాలు. ఆ తరువాత రంగారావు సైనికులు ఇద్దరు రాత్రివేళ విజయరామరాజు గుడారంలో ప్రవేశించి ఆయనను పొడిచి చంపారని ఓర్మ్ రాశాడు. ఆ సైనికులకు అతని కథనంలో పేర్లు లేవు.

దిట్టకవి నారాయణకవి రచించిన 'రంగరాయ చరిత్రము' ఇదే వృత్తాంతాన్ని పద్యకావ్యంగా మలిచింది. కావ్యనామమే కవి దృష్టి ఎవరి మీద ఉన్నదో చెబుతుంది. ప్రబంధ మర్యాదలో నాయకుడు ప్రభువు, చరిత్ర ప్రభువుది. పెద్దాడ మల్లేశం పేరున ప్రచారంలో ఉన్న కథా, దాని ఆధారంగా ఊరూరా సాగిన గానమూ వేరొక దారి తొక్కాయి. ఆ సంప్రదాయంలో రంగారావు ధర్మమూర్తి, మల్లమ్మదేవి కులగౌరవానికి ప్రతీక, పాపారాయుడు కథను ముగించగల ఏకైక వ్యక్తి. ఓర్మ్ దగ్గర పేరు లేని చేయి గాథలో ఒక పేరును, రాజాం అనే ఊరిని, మల్లమ్మకు అన్న అనే బంధుత్వాన్ని సంపాదించుకుంది.

20వ శతాబ్దిలోనూ ఈ మార్పు కొనసాగింది. 1964లో వచ్చిన చిత్రం పేరు 'బొబ్బిలి యుద్ధం'. అందులో కథానాయకుడు రంగారావు, ఆ పాత్రధారి ఎన్.టి. రామారావు. పాపారాయుడిగా ఎస్.వి. రంగారావు నటించారు. 1986లో వచ్చిన చిత్రానికి 'తాండ్ర పాపారాయుడు' అనే పేరే పెట్టారు. రాజు కథ క్రమంగా రాజు బంటు కథ అయింది.

ఆలస్యంగా వచ్చిన వీరుడు

గాథలో పాపారాయుడి స్థితి విలక్షణమైనది. ముట్టడి వార్త అందేసరికి అతడు రాజాంలో ఉన్నాడు. వచ్చేసరికి కోట బూడిద. కాపాడవలసినవారు ఎవరూ మిగలలేదు. పలనాటి బాలచంద్రుడు యుద్ధరంగంలోనే వీరుడయ్యాడు. పాపారాయుడికి యుద్ధరంగమే దక్కలేదు. అతనికి మిగిలినది తీర్చుకోవలసిన రుణం ఒక్కటే.

రాత్రి, గుడారం, ప్రభువు మరణం, ప్రతీకారం అనే నాలుగు అంశాలూ కలిసినప్పుడు తెలుగు పాఠకునికి సౌప్తిక పర్వం గుర్తుకు రావడం సహజం. తిక్కన భారతం ద్వారా తెలుగువారికి సుపరిచితమైన ఆ ఘట్టంలో అశ్వత్థామ చేసిన పనిని సంప్రదాయం క్షమించలేదు. అదే పోలిక గల పనిని బొబ్బిలి గాథ కీర్తించింది. ఈ తేడాకు గాథ నిర్మాణంలోనే మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవులనూ చంపాడు. పాపారాయుడి కత్తి బాధ్యుడిగా గాథ నిర్ణయించిన ఒక్కరి మీదికే వెళ్లింది. రెండవది, ఇక్కడ పసిపిల్లల మరణం ప్రతీకారానికి ముందే, కోటలోనే జరిగిపోయింది. కాబట్టి శ్రోత హృదయంలోని జాలి అంతా అప్పటికే బొబ్బిలి పక్షాన ఉంది. మూడవది, అశ్వత్థామ శాపంతో బతికి మిగిలాడు. పాపారాయుడు ఆ గుడారం నుంచి తిరిగి రాలేదు. చేసిన పనికి తన ప్రాణాన్నే వెలగా చెల్లించినవానిని గాథ వేరుగా శిక్షించవలసిన పని లేదు.

ఈ మూడూ పాపారాయుణ్ణి దోషం నుంచి తప్పించే కారణాలు. అతణ్ణి వీరుడిగా నిలిపిన కారణం వీటికి వెలుపల ఉంది. దాన్ని గుర్తించడానికి ఇతర దేశపు వీరగాథ ఒకటి తోడ్పడుతుంది.

సిద్ గాథ: ఒక తులన

స్పెయిన్ ప్రజల జాతీయ వీరుడుగా ప్రసిద్ధి పొందిన ఎల్ సిద్ అసలు పేరు రొద్రీగో దియాస్ దె బివార్. ఇతడు 1099లో వాలెన్సియాలో మరణించాడు. చరిత్రలో ఇతడు ప్రవాసకాలంలో సరగోసా ముస్లిం పాలకుల కొలువులో పనిచేశాడు. 'కాంతార్ దె మియో సిద్' అనే కావ్యం ఆ సంగతిని పక్కన పెట్టి, తనను వెళ్లగొట్టిన రాజు ఆల్ఫాన్సో పట్ల విధేయత వదలని సామంతుణ్ణి చిత్రించింది. ఇక్కడా వీరుడు రాజు కాడు, రాజు బంటు. మన కథతో ఇది మొదటి పోలిక.

తులనలో అసలు విషయం తేడాలో ఉంది. కావ్యం చివరి భాగంలో సిద్ కుమార్తెలను వారి భర్తలైన కర్రియోన్ ప్రభువంశీకులు అడవిలో కొట్టి వదిలేసి వెళతారు. చరిత్రలో ఇది జరిగినట్లు ఆధారం లేదు, గాథే కల్పించుకుంది. ఇంతటి అవమానం జరిగినా సిద్ కత్తి దూయలేదు. ఆ వివాహాలు కుదిర్చినవాడు రాజు కనుక పరాభవం రాజుదీ అని వాదించి, తొలేదోలో న్యాయసభ కోరాడు. ముందు తన కత్తులను, తరువాత తానిచ్చిన ధనాన్ని, చివరకు ద్వంద్వయుద్ధాన్ని క్రమంగా అడిగి సాధించాడు. ఓడిన ప్రత్యర్థుల ప్రాణాలు సైతం నిలిచాయి. సిద్ వీరత్వం నిగ్రహంగా రూపొందగలగడానికి కారణం, అతని గాథలో మొర వినే సభ ఒకటి ఉండడం.

పాపారాయుడు ఏ సభకు వెళ్లాలి? 1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి పరం చేశాడు. బొబ్బిలి ఉన్న శ్రీకాకుళం సర్కారు వాటిలో ఒకటి. ఆ ప్రాంతానికి పై అధికారి బుస్సీ. కోట మీదికి ఫిరంగులు తెచ్చినవాడూ బుస్సీయే. తగవు తీర్చవలసినవాడే తగవులో ఒక పక్షమైనప్పుడు మొర పెట్టుకునే చోటు మిగలదు. తొలేదో సభ ఉండవలసిన స్థానంలో బొబ్బిలి గాథలో చీకటి గుడారం ఉంది. శ్రోతలు పాపారాయుడి పనిలో చూసినది కేవలం పగ అయి ఉంటే అతడు ప్రతీకారి మాత్రమే అయ్యేవాడు. వారు అందులో జరగని విచారణకు బదులుగా జరిగిన తీర్పును విన్నారు. అతణ్ణి వీరునిగా నిలిపినది ఇదే.

ఒకే పేరు, రెండు గాథలు

ఈ నిర్ణయానికి స్థానిక చరిత్రలోనే మరొక బలం ఉంది. బొబ్బిలి యుద్ధం జరిగిన 37 ఏళ్లకు, 1794 జూలై 10న, పద్మనాభం వద్ద ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరో విజయరామరాజు నేలకొరిగాడు. ఆయనా పూసపాటి వంశీయుడే, విజయనగర ప్రభువే. కంపెనీ పెంచిన పేష్కషు, బకాయిల తగవు ఆ యుద్ధానికి మూలం. అక్కడా బాకీ లెక్క కట్టినదీ, తీర్పు చెప్పినదీ, సైన్యాన్ని పంపినదీ ఒకే అధికారం. ఒక గాథలో ప్రతినాయకునికి ఉన్న పేరు మరొక యుద్ధస్మృతిలో అమరునికి దక్కింది.

గరివిడి, చీపురుపల్లి ప్రాంతం వంటి చోట ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఒకవైపు విజయనగరం, మరోవైపు రాజాం, బొబ్బిలి ఉన్న ఈ నేల మీద రెండు స్మృతులూ పక్కపక్కనే బతుకుతున్నాయి. బొబ్బిలి కథను రెండు సంస్థానాల వైరంగా, మరింత కుదించి రెండు కులాల పంతంగా చదివే అలవాటు ఈ శ్రోతలకు అన్యాయం చేస్తుంది. వైరం కథలో ఉన్నది నిజమే. కానీ వైరం ఒక్కటే కథ అయితే, పాపారాయుణ్ణి తలచుకున్న ఊళ్లు పద్మనాభ వీరుణ్ణి తలచుకోవడం వివరించలేం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. బొబ్బిలి కథ ఓర్మ్ చరిత్ర నుంచి పద్యకావ్యానికి, అక్కడి నుంచి జనగాథకు వచ్చే దారిలో వీరస్థానం ప్రభువు నుంచి బంటుకు మారింది. సౌప్తిక వధను పోలిన చర్యను గాథ తన నిర్మాణం ద్వారా దోషరహితం చేసింది. ఆ చర్యకు వీరత్వాన్ని ఇచ్చినది మొర వినే సభ లేకపోవడం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001 నాటి తమ గ్రంథంలో ఈ కథారూపాలను దక్షిణ భారత చరిత్ర రచనా విధానంలో భాగంగా చదివి చూపారు. ఆ పునాది మీద వేయవలసిన తరువాతి అడుగు, ఈ గాథల్లోని న్యాయభావనను చదవడం. బొబ్బిలి, పద్మనాభ యుద్ధ గాథలను విడివిడిగా రెండు సంస్థానాల ఆస్తులుగా గాక, ఉత్తరాంధ్ర ప్రజలు పై అధికారం గురించి చేసిన ఒకే ఆలోచనకు రెండు భాగాలుగా పరిశోధకులు పరిశీలించవలసి ఉంది. ఈ కథలు పాడేవారు తగ్గిపోతున్న ఈ కాలంలో ఆ పని ఇంకా వాయిదా వేయదగినది కాదు.