నిత్యపరుగు – విశ్రాంతి దినము

ఆంగ్లేయుడైన రాన్ హిల్ 1964 డిసెంబరు మొదలు 2017 జనవరి వరకు ప్రతిదినము కనీసము ఒక మైలు పరుగెత్తెను. 1993లో కారు ప్రమాదమున రొమ్ము ఎముక విరిగినను మానలేదు. ఇట్టి వ్రతమును బాలురకు ఆదర్శముగా చూపుట సరియేనా?

హిల్ 1970లో బోస్టన్ మారథాన్ గెలిచిన మాట నిజమే. గెలిపించినది ఈ వ్రతమే యనుటకు మాత్రము ఆధారము లేదు. దీర్ఘమైన పరుగులో కండరములయందలి గ్లైకోజెన్ తరిగిపోవును. అన్నము బాగుగా తిన్నను అది మరల నిండుటకు ఇంచుమించు 24 గంటలు పట్టును. ఎముక సంగతి మరింత నిదానము. ఒత్తిడి తగిలినచోట శరీరము మొదట పాత ఎముకను కరిగించి, పిదప కొత్తదానిని పేర్చును. ఈ పనికి నెలలు పట్టును. ఆ నడుమ అక్కడనే దెబ్బ పడుచుండిన ఎముక సన్నగా బీట వారును. ఎదుగు పిల్లలలో మడమ, మోకాలిచిప్ప దిగువ భాగములు మరీ సుకుమారములు.

అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఒకనాడు కఠినసాధన, మరునాడు తేలికసాధన చేయించెను. ఆయన శిష్యుడు కెన్నీ మూర్ 1972 మ్యూనిక్ ఒలింపిక్ మారథానులో 4వ వాడు, హిల్ 6వ వాడు. ఇంతమాత్రమున వాదము తీరదు. పందెము ప్రయోగము కాదు, పైగా హిల్ వయస్సున పెద్దవాడు.

నిజమునకు హిల్ ఒక్క మైలుతో సరిపెట్టిన దినములు విశ్రాంతికి దగ్గరివే. తప్పు పరుగులో లేదు, లెక్క తెగరాదను పట్టుదలలో ఉన్నది. 2017లో పరుగు నడుమ గుండెనొప్పి వచ్చినను ఆయన మైలు పూర్తిచేసియే ఆగెను, మరునాడు మానెను.