పెట్టె తెరవాల్సిన రోజులు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంటే బట్టలు భద్రంగా ఉన్నట్టేనని మన ఇళ్లలో బలమైన నమ్మకం. ఆ వాసన నాకూ చిన్నప్పటి నుంచీ తెలుసు. శ్రావణమాసం వచ్చిందంటే పట్టుచీరల కంటే ముందు గదిలోకి అదే వచ్చేది. అమ్మమ్మ చీరలు, అమ్మ చీరలు, అత్తగారి శాలువాలు ఒక్కొక్కటిగా నా సంరక్షణలోకి వచ్చాక మాత్రం నాకు వేరే అభిప్రాయం బలపడింది. పెట్టెలో ఏం వేశామన్నదాని కంటే, పెట్టెను ఎంత తరచుగా తెరుస్తున్నామన్నదే పాత బట్ట ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఎందుకో తెలియాలంటే పురుగు బతుకు కొంచెం తెలియాలి. బీరువా తీసినప్పుడు ఎగిరే చిన్న గోధుమరంగు చిమ్మెటను చూసి మనం చప్పట్లతో చంపుతాం. అది బట్టను కొరకదు. పెద్దదయ్యాక దానికి తినే నోరే ఉండదు. ఆడ చిమ్మెట మడతల్లో నలభై యాభై గుడ్లు పెట్టి చనిపోతుంది. తినేదంతా ఆ గుడ్ల నుంచి వచ్చే లార్వా. ఉన్ని, వెంట్రుక, ఈక వీటిలో ఉండే కెరాటిన్‌ను అరిగించుకోగల జీవులు లోకంలో చాలా తక్కువ, ఈ లార్వా వాటిలో ఒకటి. దానికి వెలుతురు గిట్టదు, కదలిక గిట్టదు. చీకటిగా, నిశ్శబ్దంగా, నెలల తరబడి ఎవరూ ముట్టని మూల కావాలి. మన గోడల మీద బూడిదరంగు గింజలా అతుక్కుని, ఒక కొసన తల బయటపెట్టి పాకే పురుగును చూసే ఉంటారు. అదీ ఈ చిమ్మెటల కుటుంబానిదే. సాలెగూళ్లూ రాలిన వెంట్రుకలూ తింటుంది, ఉన్ని దొరికితే దాన్నీ వదలదు. గోడ మీద అది కనిపించిన గదిలో నేను బీరువా కింద, వెనక, మూలల్లో ఊడ్చేదాకా ఊరుకోను.

ఈ విషయం నాకు బాగా అర్థం చేయించింది గొంగడి. చింతగింజల గంజి పట్టించిన దక్కనీ గొర్రె ఉన్ని దారంతో కురుమలు నేసే గొంగడి చిమ్మెటకు విందు భోజనం కావాలి. అయినా గొర్రెల కాపరి భుజం మీది గొంగడికి పురుగు పట్టదు. ఎండలో తిరుగుతుంది, వానలో తడుస్తుంది, పొయ్యి పొగ తగులుతుంది, రోజుకు నాలుగుసార్లు దులపబడుతుంది. అదే గొంగడిని పట్నంలో ఇష్టపడి కొనుక్కుని, అపురూపమని మడిచి అటక మీద పెడితే రెండు వర్షాకాలాల్లో జల్లెడ అవుతుంది. అపురూపంగా దాచిన వస్తువులకే పురుగు ఎక్కువ పట్టడం చూసి నాకు ఎన్నోసార్లు మనసు కలుక్కుమంది.

పట్టు సంగతి కాస్త వేరు. ఉన్ని అంత ఇష్టంగా కాకపోయినా చిమ్మెట పట్టునూ తింటుంది. దానికి తోడు కార్పెట్ బీటిల్ అనే చిన్న గుండ్రటి పెంకుపురుగు ఉంది. పెద్ద పురుగు పూల పుప్పొడి తిని బతుకుతుంది, నూగు నూగుగా ఉండే దాని పిల్లే బట్ట తింటుంది. హైదరాబాద్ అపార్టుమెంట్లలో బాల్కనీల్లో, ఏసీ యూనిట్ల వెనక పావురాలు గూళ్లు కడతాయి కదా, ఆ గూళ్లలోని ఈకలూ చచ్చిన పిల్లలూ ఈ పురుగులకు పుట్టిల్లు. పట్టుచీరల కోసం బీరువాలో ఎన్ని జాగ్రత్తలు పడ్డా, కిటికీ అవతల గూడు ఉంటే పని సగమే అయినట్టు.

నూలు బట్టను ఈ రెండూ అరిగించుకోలేవు. కానీ గంజి పెట్టి దాచిన నూలు బట్టకు సిల్వర్‌ఫిష్, బొద్దింక వస్తాయి, అవి గంజి కోసం గీకుతూ పోగునూ కొరుకుతాయి. ఇప్పుడు గద్వాల చీరను తలుచుకోండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెంటినీ కుప్పడం పద్ధతిలో పోగు పోగు పెనవేసి కలిపిన నేత. ఒక్క చీరలోనే ఇద్దరు శత్రువులకు తిండి ఉంది. పాత గద్వాల చీర చేతికి వస్తే నేను మొదట చూసేది ఆ అతుకు గీతనే. అక్కడ నాలుగు పోగులు తెగితే అంచు ఒళ్లును వదిలేస్తుంది.

పెళ్లి బట్టల విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. తలంబ్రాల చీర మడతల్లో, కుచ్చిళ్ల దగ్గర, కొంగు ముళ్లలో పసుపు బియ్యం గింజలు చిక్కుకుని ఉంటాయి. ఆ జ్ఞాపకంతోనే చాలామంది చీరను అలాగే మడిచి పెట్టేస్తారు. గింజలు తీసి ఒక చిన్న డబ్బాలో దాచుకోండి, చీరలో మాత్రం ఉంచొద్దు. చెమట, పాయసం చుక్క, నెయ్యి మరక కూడా అంతే. మన కంటికి కనపడని మరకను లార్వా వెతుక్కుంటూ వస్తుంది, శుభ్రమైన పట్టు కంటే ఒంటి వాసన ఉన్న పట్టును ముందు తింటుంది. మధుపర్కాలను గంజి వదిలేదాకా ఉతికి, బాగా ఆరాకే మడవాలి. దాచబోయే బట్టకు గంజి అక్కర్లేదు.

ఇక కలరా ఉండలు. వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి గాలి చొరని పెట్టెలో దట్టంగా నిండితేనే పురుగు చస్తుంది. సందులున్న మన చెక్క బీరువాల్లో ఆ ఆవిరి గదిలోకి, మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో నాఫ్తలీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో చేర్చింది. జి6పిడి ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డలకు ఈ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. అమ్మమ్మ దాచిన పాత జుబ్బా బిడ్డకు వేయాలన్న ముచ్చట ఎవరికైనా ఉంటుంది, కానీ ఉండల పెట్టెలోంచి తీసి వేయకండి. మా ఇంట్లో నేను వాటిని పూర్తిగా మానేశాను.

వేపాకు, వస కొమ్ము, లవంగం, వట్టివేరు మన పాత మందులు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలతో సహా ఎన్నో ప్రతులను వస, మిరియం, లవంగం, దాల్చినచెక్క, కర్పూరం కలిసిన పొడి పొట్లాలతో కాపాడుతూ వచ్చారు. ఆ ఘాటు చిమ్మెటను దూరం పెట్టడానికి సాయపడుతుంది, లోపల ఉన్న లార్వాను చంపుతుందని ఆశపెట్టుకోవద్దు. ఆకు పూర్తిగా ఎండాలి, పొడిని పల్చటి గుడ్డలో కట్టి పక్కన పెట్టాలి, పట్టుకు నేరుగా తగిలితే మరక పడుతుంది. కొన్ని నెలలకు ఘాటు పోతుంది, అప్పుడు మార్చాలి. ఈ మార్చడంలోనే అసలు లాభం ఉందని నాకనిపిస్తుంది, ఆ వంకతోనైనా పెట్టె తెరుస్తాం కదా.

మన వేడికి, తేమకు చిమ్మెట ఎదుగుదల గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు మూడు నెలల్లో పూర్తయిపోతుంది. అందుకే ఏడాదికోసారి తీయడం చాలదు. వర్షాలు తగ్గాక కార్తీకంలో ఒకసారి, ఉగాది దాటాక ఒకసారి, శ్రావణంలో ఎలాగూ ఒకసారి. ప్రతిసారీ చీరను పూర్తిగా విప్పి నీడలో గాలికి వేస్తాను. ఉన్నిని ఎండలో కాసేపు వేసి దులపొచ్చు, పట్టు మాత్రం నీడలోనే ఉండాలి. మళ్లీ మడిచేటప్పుడు పాత గీత మీద మడవను, ఎప్పుడూ ఒకేచోట వంగితే జరీలోని వెండి తీగ విరుగుతుంది. ప్లాస్టిక్ కవరు తేమను పట్టేస్తుంది. ఉతికిన పాత నూలు పంచెలో దగ్గరగా చుట్టి పెడతాను.

ఇంత చేసినా పురుగు కనిపిస్తే ఆ బట్టను వేరుచేసి, పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. గుడ్లు సహా చస్తాయి. తీశాక ఒకరోజంతా సంచి విప్పకూడదు, లేకపోతే చల్లటి బట్ట మీద తేమ చేరుతుంది. అద్దాలు, పూసలు కుట్టిన బట్టలకు ఈ పద్ధతి వద్దు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మన పిల్లలకు ఇది మరీ అవసరం. హీటర్ వేసిన ఇళ్లలో చిమ్మెటకు చలికాలమంటూ ఉండదు, పైగా పట్టుచీరల సూట్‌కేసు ఉన్ని కోట్ల పక్కనే ఉంటుంది.

చిల్లు పడిందని చీర పారేయకండి. మంచి రఫూ చేసే చేతులు హైదరాబాద్ పాతబస్తీలో ఇంకా ఉన్నాయి. పురుగును చంపి, శుభ్రం చేయించి, ఆ తర్వాతే రఫూకు ఇవ్వాలి. లోపలి చెంగు కొస నుంచి నాలుగు పోగులు తీసుకోమని మీరే చెప్పండి. కొత్త దారం ఎంత వెతికినా పాత చీర రంగుకు కలవదు.