పది రోజులు, పన్నెండేళ్లు

చంద్రపూర్ దగ్గరి పద్మాపూర్ బొగ్గుగని మనుషులకు ఛార్జిషీటు, సస్పెన్షన్, ఎంక్వైరీ కొత్త మాటలు కావు. శిక్ష ఎంతన్నది ఒక ఎత్తు. మొర ఎక్కడ పెట్టుకోవాలి, ఎన్నాళ్లకు తేలుతుంది అన్నది మరో ఎత్తు. ఆటగాళ్ల నిషేధాలనూ ఆ కొలతతోనే చూడాలంటాను.

2023 ఆగస్టు 12. ట్వికెన్‌హామ్‌లో వేల్స్‌తో రగ్బీ మ్యాచ్. ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్ భుజం వేల్స్ ఆటగాడు టేన్ బాషమ్ తలకు తగిలింది. మొదట ఎల్లో కార్డు, వీడియో చూశాక రెడ్. మూడు రోజులకే ఒక కమిటీ ఆ రెడ్ కార్డును కొట్టేసింది. మధ్యలో ఇంగ్లండ్ ఆటగాడే జేమీ జార్జ్ తగలడంతో బాషమ్ పరుగు దిశ ఒక్కసారిగా మారిందని కారణం చెప్పింది. దానిమీద అప్పీలుకు వెళ్లింది ఆటను నడిపే వరల్డ్ రగ్బీయే. ఫారెల్ చెయ్యి చుట్టి పట్టుకోబోయాడా లేదా అన్నది కింది కమిటీ చూడవలసిందని అప్పీలు కమిటీ 22న తేల్చి, నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది. తప్పు లేదన్న మనిషిని వారంలో మళ్లీ తప్పుపట్టడం కఠినమే. అయినా ఏ మలుపులోనూ అతను కారణం తెలియకుండా ఉండిపోలేదు.

ఇక క్రికెట్‌కు వద్దాం. మన హైదరాబాదీ మహమ్మద్ అజారుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది 2000 డిసెంబరు 5న. సిటీ సివిల్ కోర్టు దాన్ని సమర్థించింది. చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పేసరికి 2012 నవంబరు 8 వచ్చింది.

రగ్బీలో ఎదుటివాణ్ని పట్టి ఆపే టాకిల్ టీవీలో కనిపిస్తుంది, మ్యాచ్ ఫిక్సింగ్ చీకట్లో జరుగుతుంది, రెంటికీ పోలికేమిటి అనవచ్చు. నిజమే, చీకటిని తవ్వడానికి సమయం కావాలి. కానీ సీబీఐ నివేదిక, బోర్డు విచారణ రెండూ 2000లోనే ముగిశాయి. తక్కిన పన్నెండేళ్లూ ఆ శిక్ష సరైనదా కాదా తేల్చడానికే పట్టాయి. నాకు మింగుడుపడనిది ఇదే. అజార్ తప్పు చేశాడనే నమ్మేవాళ్లు కూడా ఈ జాప్యాన్ని ఎలా సమర్థిస్తారు?

ఫారెల్ సెప్టెంబరు 23న ప్రపంచకప్‌లో చిలీపై మళ్లీ మైదానంలోకి దిగాడు. అదే ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ తరఫున జానీ విల్కిన్సన్ పాయింట్ల రికార్డునూ దాటాడు. హైకోర్టు తీర్పు నాటికి అజార్‌కు 49 ఏళ్లు. 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికాపై 102 పరుగులు చేసిన ఆ టెస్టు, అతని 99వదీ, చివరిదీ.