మూర్ఛన ఒకటే, రాగాలు రెండు

ఆరభి, దేవగాంధారి రెండూ శంకరాభరణ జన్యాలే. రెంటికీ ఆరోహణ స రి మ ప ద స. అవరోహణ స ని ద ప మ గ రి స. కాగితం మీద అక్షరం తేడా లేదు. అయినా త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాల్లోని ‘సాధించెనే’ ఎత్తుకోగానే ఇది ఆరభి అనీ, ‘క్షీరసాగర శయన’ మొదలుపెట్టగానే ఇది దేవగాంధారి అనీ కాస్త వినికిడి ఉన్నవారెవరైనా పోల్చేస్తారు. సంగీతం మొదటి పాఠాల్లో వినబడే శ్రుతి, స్వరం, స్వరస్థానం, ఆరోహణ, అవరోహణ అనే మాటలతోనే రాగం పూర్తయ్యేటట్టయితే ఈ రెండూ ఒకే రాగమై ఉండాలి. అలా కాలేదంటే వీటికి అందనిది మరొకటి రాగాన్ని నిలబెడుతోందన్నమాట. అది గమకం, అంటే స్వరం ఊగుతూ, జారుతూ పలికే తీరు. దాన్ని స్వరానికి తరవాత తొడిగే నగగా భావించేవారు చాలామందే ఉన్నారు. నిజానికి గమకం స్వరంలోనే ఉంది. దాన్ని తీసేస్తే చాలా రాగాల్లో మిగిలేది స్వరం పేరు మాత్రమే.

పేర్ల లెక్క పక్కాగానే ఉంది. స్థాయికి 12 స్వరస్థానాలు, వాటికి 16 పేర్లు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే స్థానంలో పలుకుతాయి. 17వ శతాబ్దంలో వేంకటమఖి ఈ లెక్క మీదే 72 మేళకర్తలను కట్టాడు. రాగాలను వర్గీకరించడానికి ఇంతకన్న చక్కటి పద్ధతి మనకు లేదు. కానీ వర్గీకరణ వేరు, పాట వేరు. తోడిలో గాంధారాన్ని చూడండి. లెక్క ప్రకారం అది సాధారణ గాంధారం. హార్మోనియం మెట్టు నొక్కితే ఒక్కచోటే నిలబడి పలుకుతుంది. గాయకుడి గొంతులో మాత్రం అది రిషభం వైపు దిగుతూ, మధ్యమం వైపు లేస్తూ, ఆ ఊపుగానే వినబడుతుంది. కదలకుండా నిలిపి పాడితే స్థానం తప్పదు గాని తోడి తప్పిపోతుంది. ఆరభి, దేవగాంధారుల గుట్టు కూడా ఇక్కడే ఉంది. ఆరభిలో గాంధార నిషాదాలు అలా తగిలి ఇలా జారుకుంటాయి. స్వరాలు సూటిగా, నడక చురుగ్గా ఉంటాయి. దేవగాంధారిలో స్వరాలు దీర్ఘంగా, కంపితంతో, విళంబంగా సాగుతాయి.

వాద్యాల చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. వయొలిన్ పరదేశపు వాద్యం. 19వ శతాబ్దంలో బాలుస్వామి దీక్షితర్ వంటివారు దాన్ని మన సంగీతంలోకి తెచ్చాక, అది వీణ సరసన పీట వేసుకుని కూర్చుంది. మెట్లు లేని ఆ తీగ మీద వేలు ఎటు కావాలంటే అటు జారుతుంది మరి. హార్మోనియం నాటకశాలల్లో, భజనల్లో మన ఇంటిదైపోయినా, శాస్త్రీయ కచేరీలో దానికి ఆ చోటు దొరకలేదు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించినప్పుడు, గమకం పలకదన్నది ప్రధానంగా వినిపించిన ఆక్షేపణల్లో ఒకటి. మెట్లున్న వాద్యాలకు గమకం పలకదా అంటే, వీణే సమాధానం: తీగను మెట్టు మీద పక్కకు లాగితే పై స్వరాలు పలుకుతాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. నాదం నిలవాలి, తీగ లొంగాలి. అప్పుడే అది కర్ణాటక వాద్యమైంది.

గమకం అంత ముఖ్యమైతే సరళీ స్వరాలను మాయామాళవగౌళలో సాదాగా ఎందుకు పాడిస్తారని అడగవచ్చు. శ్రుతి, లయ కుదరని గొంతుకు గమకం అంటదు కనుక. జంట స్వరాలు, అలంకారాలు, పిళ్లారి గీతాలు దాటి వర్ణానికి వచ్చేసరికి పాఠం స్వభావమే మారిపోతుంది. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణం ‘విరిబోణి’ నేర్చినవారికి భైరవిలో ఏ స్వరం ఎక్కడ ఊగాలో, ఎక్కడ నిలవాలో తెలిసిపోతుంది. సంగీతం పుస్తకాల్లో స్వరలిపి ఉంది కదా అన్నది మరో ప్రశ్న. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు వాడారు. సాదా స్వరలిపి చాలదని ఆయనకు తెలుసు గనుకే అంత శ్రమపడ్డారు. ఆ గుర్తులు కూడా రాగం ముందే చెవినపడ్డవారికే పూర్తిగా పలుకుతాయి.

గమకం పేరుతో గొంతు ఊపేయడమే కదా జరుగుతున్నది అన్న విమర్శలో కొంత నిజముంది. గురి లేని ఊపు గమకం కాదు, దోషం. గమకానికి బయలుదేరే చోటు, చేరే చోటు, దానికి పట్టే కాలం ఉంటాయి. కాలప్రమాణం మారితే గమకమూ మారాలి. సాదాగా నిలపవలసిన స్వరాన్ని నిలపడం కూడా అందులో భాగమే. షడ్జ పంచమాలు ఆధారంగా కదలక నిలిస్తేనే మిగతా స్వరాల కదలిక తెలుస్తుంది. అందుకే పిల్లలకు సంగీతం చెప్పించే తల్లిదండ్రులకు ఒక్క మనవి. కీబోర్డు యాప్ శ్రుతి సరిచూసుకోవడానికి పనికొస్తుంది, పుస్తకం సాహిత్యం మరిచిపోకుండా కాపాడుతుంది. రాగం మాత్రం గురుముఖతః, వినికిడి ద్వారా రావలసిందే. కొత్త కీర్తన పుస్తకం తెరిచే ముందు ఆ రాగాన్ని మంచి విద్వాంసుల గొంతులో పదిసార్లు విననివ్వండి.