వేతనమునకుఁ బాడిన పాట

ధనముకొఱకుఁ బాడిన పాట పాటయగునా యను ప్రశ్న మన యిండ్లలో నేఁటికిని వినఁబడుచునే యున్నది. త్యాగరాజస్వామి రాజాస్థానపు పిలుపును నిరాకరించెనను గాథను చిన్ననాఁటనుండి విన్నవారమగుటచే, గానమునకు వెలగట్టినవానిని మనము కొంత తక్కువగనే చూతుము. ఈ యభిప్రాయము న్యాయమైనదా కాదా యని పరీక్షించుటకుఁ గెనడాదేశపుఁ గవిగాయకుఁడు లియొనార్డ్ కోహెన్ కడపటి సంవత్సరములు మంచి నిదర్శనము.

ఆయన 1934లో మాంట్రియల్ నగరమున నొక యూదు కుటుంబమునఁ బుట్టెను. మొదటఁ గవిగాను, నవలారచయితగాను పేరొంది, 33వ యేట, 1967లోఁ దన తొలి పాటల సంపుటమును వెలువరించెను. 1993వ సంవత్సరపు సంగీతయాత్ర ముగిసిన పిమ్మట లాస్ ఏంజెలిస్ సమీపమున మౌంట్ బాల్డీ కొండపైనున్న జెన్ బౌద్ధాశ్రమమునఁ జేరి, 1996లో దీక్ష గైకొనెను. 1999లోఁ గొండ దిగి, ముంబయికి వచ్చి రమేశ్ బల్సేకర్‌గారి వేదాంత ప్రసంగములు వినెను. 2001లో షారన్ రాబిన్సన్ తోడ్పాటుతోఁ బది క్రొత్త పాటలను, 2004లో మఱియొక సంపుటమును ప్రకటించెను. కాని వేదికను మాత్ర మెక్కలేదు.

అంతలో, తన వ్యవహారములు చూచుచుండిన వారి చేతిలో వార్ధక్యమునకై దాఁచుకొన్న సొమ్ము చాలవఱకు హరించిపోయినట్లు ఆయనకుఁ దెలిసెను. 2006లో న్యాయస్థానము సుమారు 90 లక్షల డాలర్ల కనుకూలముగాఁ దీర్పు చెప్పినను, తీర్పు దక్కినదేగాని ధనము దక్కలేదు. కావున 2008 మే నెలలో, 73 ఏండ్ల వయస్సున, ఫ్రెడరిక్టన్ అను చిన్న పట్టణమున మరలఁ బాడ మొదలిడెను.

అవసరమే ఆయనను పిలిచినదనుట నిజము. ఆ యవసరము పాటను దిగజార్చినదా యనునదే విచారింపఁదగిన విషయము. ఆ సంవత్సరము జూలైలో లండనులోఁ బాడిన కచేరి 2009లో రికార్డుగా వెలువడినది. అందు ఆయన కంఠము మంద్రమునకు దిగి, గానముకంటెఁ బలుకునకు దగ్గఱయై యున్నది. రాగవిస్తారము కోరువారికిఁ దృప్తి కలుగదు. అయినను ప్రతి మాటయు తూచి పలికినట్లు స్పష్టముగ వినఁబడును. 2001 నాఁటి సంపుటమున యంత్రవాద్యముల పలుచఁదనముచేఁ గొంత నీరసించిన పాటలు, వేదికపై సజీవ వాద్యములతోడి పొత్తున నిండుదనము పొందినవి. స్పెయిన్ దేశపు తంత్రీవాద్యకారుఁడు హవియర్ మాస్ వాయించునపుడు కోహెన్ తలపైని టోపీ తీసి, శ్రోతయై నిలుచుండెడివాఁడు. తని యావర్తనము రాఁగానే కాఫీకి లేచిపోవు మన సభాసదులకు ఇది నేర్వఁదగిన మర్యాద.

దోషములు లేకపోలేదు. ప్రతి రాత్రియు నవే వినయచేష్టలు, అవే చమత్కారములు; రెండుచోట్ల విన్నవాఁడు దీనిని నటనయని శంకించుట సహజము. దీనికి నా సమాధానమిది: నిత్యపూజలో మంత్రము మాఱదు, పూజించువాని శ్రద్ధయే పరీక్షకు వచ్చును. దాదాపు మూఁడు గంటల కచేరిలో ఆ శ్రద్ధ సడలినట్లు రికార్డులోఁ గానరాదు. 2009 సెప్టెంబరులో వాలెన్సియాలో వేదికపైనే మూర్ఛిల్లిన యతఁడు మూఁడు దినములకే, తన 75వ జన్మదినమున, బార్సిలోనాలోఁ బాడెను.

2010 డిసెంబరుతో ఆ యాత్ర ముగియునప్పటికి పోయిన ధనము సమకూడినది. వేతనమే లక్ష్యమైనచో నక్కడితో నాగవలసినది. కాని 2012లోఁ బది క్రొత్త పాటల సంపుటము వెలువడెను. మరల రెండేండ్లు దేశదేశములఁ బాడెను. 80 ఏండ్లు నిండు తరుణమున, 2014లో, మఱియొక సంపుటము వచ్చెను. జీవించియుండఁగా వెలువడినవానిలోఁ గడపటిదానిని వ్యాధిపీడితుఁడై యింటనే కుర్చీలోఁ గూర్చుండి పాడఁగా కుమారుఁడు ఆడమ్ రూపొందించెను. అది 2016 అక్టోబరు 21న వెలువడినది. నవంబరు 7న ఆయన మరణించెను. అవసరము తలుపు తెఱచినదేగాని, లోనికి నడిపించినది పాటయే యని యీ క్రమమే చెప్పుచున్నది.

పాటకు వెల గైకొనుట దోషము కాదు. గైకొన్న వెలకుఁ దగిన శ్రమ చేయకుండుటయే దోషము. మన యింటి పెండ్లిలో గాయనిని సన్మానించి, కొబ్బరికాయయుఁ దాంబూలమును చేతఁబెట్టి పంపుటయే గౌరవమని భావించుచున్నాము. ఆమెకును ఇల్లు, పిల్లలు, వార్ధక్యము గలవు. ముందుగా మాటాడుకొన్న సొమ్మును చేతికిచ్చి, పాట ముగియువఱకు లేవక వినుట ఆమెకుఁ జేయఁదగిన నిజమైన సన్మానము.