ఇందిరకు శిక్ష వెయ్యని నవల

పైకి రావాలనే ఆశ బలంగా ఉన్న ఆడమనిషిని సృష్టించినప్పుడు మన నవలాకారులకు ఎక్కడో గుబులు పట్టుకుంటుంది. చివరి అధ్యాయాల్లోనైనా ఆమెను ఏడిపించాలి, బుద్ధి తెప్పించాలి, లేదా చంపెయ్యాలి. డాక్టర్ పి. శ్రీదేవికి ఆ గుబులు లేదు. 1957-58 ప్రాంతంలో గోరాశాస్త్రి సంపాదకుడిగా ఉన్న ‘తెలుగు స్వతంత్ర’లో ఆమె ‘కాలాతీత వ్యక్తులు’ సీరియల్‌గా వచ్చింది. అప్పటికి రచయిత్రికి ముప్పై నిండలేదు. అందులోని ఇందిర లాంటి మనిషి అంతకుముందు తెలుగు నవలలో నాకు కనిపించలేదు. తర్వాత వచ్చినవాళ్లూ తక్కువే.

కథ విశాఖపట్నంలో నడుస్తుంది. ఇందిరకు పెద్ద చదువులేమీ లేవు, ఉద్యోగం ఉంది. తండ్రి ఆనందరావు ఆమె జీతం మీద బతుకుతుంటాడు. అదే ఇంట్లో మెడిసిన్ చదివే ప్రకాశం అద్దెకుంటాడు. చదువుకోవడానికి వచ్చిన కల్యాణి కూడా అక్కడే గది తీసుకుంటుంది. ఒక ఇల్లు, అద్దె గదులు, ఒక మెట్ల వరస. ఇంత చిన్న చోట శ్రీదేవి నవలకు కావలసిన ఒత్తిడంతా పుట్టించింది. ఎవరు ఎవరి గది ముందు ఎంతసేపు నిలబడ్డారు, ఎవరి మాట ఎవరి చెవిన పడింది అన్నవే ఇక్కడ పెద్ద సంఘటనలు.

ఇందిరను శ్రీదేవి పరిచయం చేసే తీరు గమనించండి. ముందు మనకు ఇందిర నచ్చదు. గడుసు మాట, ఎదుటివాడి చేత పని చేయించుకునే నేర్పు, కల్యాణి మీద అసూయ, ఏదీ దాచదు రచయిత్రి. ఈ అమ్మాయి ప్రకాశాన్ని వాడుకుంటోందని నిర్ణయించేసుకుంటాం. అలా మనం తీర్పు చెప్పేశాక, నెల తిరిగేసరికి ఆ ఇల్లు ఎవరి డబ్బుతో గడుస్తోందో తెలుస్తూ వస్తుంది. తండ్రి సోమరితనం, ఆ తండ్రి తన కోసం ఏమీ చెయ్యడన్న సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసిపోవడం, ఒక్కొక్కటీ మామూలు మాటల మధ్య జారిపడతాయి. జాలి పడమని రచయిత్రి ఎక్కడా అడగదు. ఇందిర అసలే అడగదు. మన తీర్పును మనమే వెనక్కి తీసుకోవలసి వస్తుంది. ఈ వరసను తిరగేసి, ముందు కష్టాలూ తర్వాత గడుసుతనమూ చూపించి ఉంటే అది మామూలు కన్నీళ్ల కథ అయ్యేది.

ఇంకో పనితనం మగవాళ్ల విషయంలో. ఇలాంటి కథల్లో ప్రమాదమంటే బలమున్న మగవాడే గుర్తొస్తాడు: పెద్ద కారు, పెద్ద కుర్చీ, తియ్యటి మాట. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో రామనాథబాబు ఆ కోవలోవాడు. గుంటూరు బస్తీ మీద మోజుపడ్డ వరూధినిని అతను ఎక్కడా బెదిరించడు. ఆమెకు ఏం కావాలో కనిపెట్టి, అది తనవల్లే అవుతుందనిపిస్తాడు, అంతే. ఆమె మామ సాంబయ్య రెక్కలు ముక్కలు చేసుకుని కూడబెట్టిన పొలం కరిగిపోవడానికి ఆ మర్యాద చాలు. సీతాదేవి చెయ్యి తిరిగిన రచయిత్రి, సందేహం లేదు. కానీ ఆమె మనసంతా సాంబయ్య మీద ఉంది, మట్టి మీద ఉంది. వరూధిని చివరికి బతకదు. నవల బరువు అటు మొగ్గి ఉంది కాబట్టి మనమూ పెద్దగా అడ్డు చెప్పం.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో బలవంతుడు రాజశేఖరం. కథానాయిక జయంతి వనితా విహార్‌లో ఉద్యోగం చేసే రోజుల్లోనే అతని గురించి నానా మాటలూ ఆమె చెవిన పడతాయి. అక్కడ అనుమానమే ప్రమాదం; అది తీరిపోతే బలవంతుడే వరుడవుతాడు. ఆ నవల లక్షలమంది మధ్యతరగతి అమ్మాయిలకు ఎందుకు నచ్చిందో చెప్పడానికి ఇంకేం అక్కర్లేదు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది.

శ్రీదేవి ఈ రెండు దారులూ పట్టలేదు. ఇందిర చుట్టూ బలవంతుడే లేడు. తండ్రి ఆమె మీద ఆధారపడ్డవాడు. ప్రకాశం మంచివాడే, వెన్నెముక లేనివాడు. ఆమెతో సినిమాకు రాగలడు గానీ ఇంట్లోవాళ్లు గట్టిగా ఒక మాట అనేసరికి తప్పుకుంటాడు. ఇందిరకు అసలు ముప్పు ఈ మెత్తదనమే. బలవంతుడితో అయితే పోట్లాడవచ్చు. ప్రకాశంతో ఏమని పోట్లాడతారు? అతన్ని దుర్మార్గుణ్ణి చెయ్యకుండా, మనల్ని ఒక్క తిట్టు కూడా తిట్టనివ్వకుండా, అతను ఆమెకు చేసిన నష్టం మాత్రం పైసలతో సహా లెక్క కనబడేలా రాసింది. నాకు ఈ నవలలో అన్నిటికన్నా కష్టమైన పనిగా తోచింది ఇదే.

మూసారాంబాగ్‌లో మా ఇంటి పై పోర్షన్‌లో గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయిలుంటారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని ఈ చుట్టుపక్కల ఏ మేడ చూసినా అంతే. వాళ్లలో ఒకమ్మాయి నా దగ్గర ఈ పుస్తకం తీసుకెళ్లి, సగంలో కిందికి దిగొచ్చింది.

“ఆంటీ, ఇంతకీ ఇందిర మంచిదా, చెడ్డదా? ఎటూ తేల్చదేంటి ఈమె?”

“నీకెలా అనిపించింది?”

“నాకైతే కల్యాణి కంటే ఇందిరే ప్రాక్టికల్‌గా ఉంది. కానీ మా రూమ్‌లో ఇలాంటిది ఉంటే మాత్రం నేను ఖాళీ చేసి పోతా.”

విమర్శకులు ఇందిర గురించి చాలా రాశారు గానీ, ఆ పాత్ర స్వభావం ఇంత సూటిగా చెప్పినవాళ్లు అరుదు. దూరం నుంచి మెచ్చుకోగలం, పక్క గదిలో భరించలేం. శ్రీదేవి మాత్రం నవల పొడుగునా ఆ పక్క గదిలోనే కూర్చుని రాసింది.

కల్యాణిని ఎదురుగా నిలబెట్టడంలోనూ లాఘవం ఉంది. కల్యాణి నెమ్మదస్తురాలు, దెబ్బలు తిన్నది, పాఠకుల సానుభూతి సులువుగా లాక్కోగలిగిన పిల్ల. చేతగాని రచయిత అయితే ఇద్దరినీ తక్కెడలో పెట్టి కల్యాణిని మొగ్గించేవాడు. ఇక్కడ కల్యాణి దారి కల్యాణిది, ఇందిర దారి ఇందిరది. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి మీద కట్టలేదు. 1963లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’కు ఈ నవలే ఆధారం. సరదా అయిన సినిమానే. అయితే ఇందిర గరుకుదనం వెతుక్కోవాలంటే మళ్లీ పుస్తకం దగ్గరికి రావలసిందే.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అది కృష్ణమూర్తి. డబ్బున్న జల్సారాయుడిగా కథలోకి వచ్చినవాడు ఇందిరను అర్థం చేసుకునే మగవాడిగా మారడానికి రచయిత్రి ఇచ్చిన జాగా చాలదు. ప్రకాశం పిరికితనానికి చూపించిన ఓపికలో సగమైనా ఇతని మార్పుకు చూపించి ఉండవలసింది. ఇతనితో పెళ్లి దాకా వచ్చాక కూడా ఇందిర మాత్రం మెత్తబడదు. తన గురించి తను చెప్పుకునేటప్పుడు క్షమాపణ ధోరణి ఉండదు, కన్నీళ్లుండవు. తనకు ఏం కావాలో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎదుటివాడికీ తెలిసుండాలని పట్టుబడుతుంది. తాళి కట్టించుకునే ముందు కథానాయిక చేత తప్పొప్పుకోలు చేయించే అలవాటు మన నవలలకు బాగా ఉన్న రోజుల్లో, శ్రీదేవి ఆ పేజీ రాయనే లేదు.