చూచి చెప్పెడివారు

బిడ్డకు పాలిచ్చుట ప్రకృతిసిద్ధమైన పని గనుక దానిని ఒకరు నేర్పనక్కరలేదనియు, నేర్పుటకు జీతము పుచ్చుకొని ఒక మనిషి ఆసుపత్రిలో కూర్చుండుట ఈ కాలపు వింతలలో ఒకటియనియు పెద్దలు పలువురు అనుచుండగా విన్నాను. ఈ మాటలో సగము నిజమున్నది. పుట్టిన శిశువును తల్లి రొమ్ముల నడుమ పడుకోబెట్టినచో, ఆ పసికందు తలను కదలించుచు, నోరు తెరచుచు, వాసనను పట్టుకొని మెల్లమెల్లగా ప్రాకి తనంత తానే చన్ను నందుకొనుట వైద్యులు చూచి వ్రాసిన సంగతియే. కాని వెతుకుకొనుట బిడ్డకు పుట్టుకతో వచ్చిన విద్య. ఎత్తుకొనుట, ఒడిని సవరించుకొనుట, ఏడ్పునకు ముందే ఆకలిని గుర్తుపట్టుట తల్లి కంటితో చూచి నేర్చుకొన్న విద్యలు. మునుపు మండువా లోగిలిలో పిన్నియో వదినెయో గోడకు చేరగిలబడి పాలిచ్చుచుండగా ప్రక్కన గవ్వలాడుకొనుచు పెరిగిన ఆడపిల్ల, తనకు తెలియకుండగనే ఆ పాఠమును పూర్తిచేసి అత్తవారింటికి పోయెడిది. వరినాటు వేయు పిల్ల గట్టుమీద నిలిచి ఎవరో చెప్పగా విని నేర్చుకొనదు, మడిలో దిగినవారి వ్రేళ్లను చూచి నేర్చుకొనును, ఇదియు నట్లే. నేడు రెండు గదుల ఇంటిలో ఒక్కతే కూతురుగా పెరిగి, చదువు ముగించి, ఉద్యోగము చేసి, ఇరువదియెనిమిదవ యేట తల్లియైన అమ్మాయి, పాలు త్రాగెడి శిశువును దగ్గరగా చూచుట తన బిడ్డతోనే మొదలు. ఆమెకు ఎవరో ఒకరు చూపవలెను. ఆ చూపెడి పని ఒక వృత్తిగా ఏర్పడుట నాకు వింతగా తోచదు; ఎంతో ఆలస్యముగా జరిగిన న్యాయముగా తోచును.

మా చెల్లెలి కూతురు ఆ మధ్య హైదరాబాదులో ప్రసవించినప్పుడు సాయముగా ఆసుపత్రిలో ఉండి ఈ వృత్తిని దగ్గరనుండి చూచినాను. శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసినారు. ఇది ఆమె యొక్కతె కథ కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో దేశమంతటికి కలిపి సిజేరియన్ కాన్పులు 21.5 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము, తెలంగాణలో 60.7 శాతము. కోత పడిన తల్లి లేచి కూర్చుండలేదు, ఒక ప్రక్కకు ఒత్తిగిలలేదు. ఆమెకు తెలివి కుదురుకొను వరకు బిడ్డ తరచు వేరొక గదిలో ఉండును. పాలు దిగుటయు అట్టివారికి కొంత వెనుకబడుట కలదు. పుట్టిన గంటలోపుగా తల్లిపాలు నోటబడిన బిడ్డలు దేశమున 41.8 శాతము మాత్రమేయని అదే సర్వే చెప్పుచున్నది.

ఆ రాత్రి మా గదిలోనికి వచ్చిన ప్రతివారును ఒక సలహా ఇచ్చిపోయినవారే. డ్యూటీలో ఉన్న నర్సు తలుపు వద్దనే నిలిచి, "పాలు పడలేదమ్మా, డబ్బాపాలు తెప్పించుకోండి" అన్నది. వెనుక వచ్చిన చిన్న డాక్టరు గడియారము చూచుకొని, రెండు గంటలకొక తూరి ప్రక్కకు పదిహేను నిమిషముల చొప్పున పట్టించుమన్నాడు. చూడవచ్చిన బంధువు ఒకావిడ, మొదటి పాలు పచ్చగా జిగురుగా ఉండును గనుక వానిని పిండి పారబోసి, ఈలోగా తేనె నాకించుమన్నది. ముగ్గురును మేలు కోరి చెప్పినవారే. వారిలో ఒక్కరైనను బిడ్డ రొమ్ము పట్టుచున్న తీరును వంగి చూడలేదు. బాలింత మాత్రము మూడు మాటలను విని, మూడింటికిని తన దేహమునే దోషిగా నెంచి, "నాకు పాలు లేవా పెద్దమ్మా?" అని ముఖము గోడవైపు త్రిప్పుకొని ఏడ్చినది.

పాలు లేకపోలేదు. మాయ విడిపోయిన తరువాత తల్లి దేహమున హార్మోనుల పొందిక మారి పాలు వెల్లువగా దిగుటకు రెండు మూడు దినములు, కొందరికి నాలుగు దినములు పట్టును. అంతవరకు ఊరెడివి ముర్రుపాలు. చుక్కలుగా వచ్చుటయే వాని స్వభావము. తొలిదినపు శిశువు ఒక మారు త్రాగగలిగినదియు ఒక చెంచాడో రెండు చెంచాలో. రోగములనుండి కాచెడి పదార్థములు ఆ కొద్దిపాటి పాలలోనే చిక్కగా నిండియుండును గనుక, వానిని పిండి పారబోయుట బిడ్డకు అందవలసిన తొలి రక్షణను పారబోయుటయే. తేనె ఏడాది నిండని పసివానికి ప్రమాదకరము కూడ. ఇక డబ్బాపాల సంగతి: చాలవని పోయుదురు, కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, బిడ్డ పట్టని రొమ్మున పాలు ఊరవు, ఊరకపోవుట చూచి, చాలవన్న మాట నిజమే అయినదందురు. ఎన్ని యిండ్లలో ఎందరు తల్లులు ఈ చక్రములో చిక్కుకొని, తమకు పాలు పడలేదన్న నమ్మకముతోనే జీవితమంతయు గడిపినారో తలచినప్పుడు నాకు బాధ కలుగును.

మరునాటి ఉదయము లాక్టేషన్ కౌన్సెలరు వచ్చినది. యాబదేండ్ల మనిషి, వెనుక ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసినదట. "పొద్దున ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నది ఆమె అడిగిన మొదటి ప్రశ్న. తరువాత స్టూలు లాగుకొని బాలింత కంటికి సమముగా కూర్చుండి, "నువ్వు ఎలా ఇస్తున్నావో అలాగే ఇవ్వు తల్లీ, నేను చూస్తుంటాను" అని ఊరకున్నది. బిడ్డ పట్టుటయు, జారుటయు, ఏడ్చుటయు, మరల పట్టుటయు, అలసి వదలివేయుటయు, అంతయు ఆమె మాటలేకుండ చూచినది. అటుపిమ్మట "నేను చెయ్యి వేయొచ్చా?" అని అడిగి, ప్రక్కన దిండు పెట్టి, బిడ్డ కాళ్లు తల్లి వీపువైపునకు పోవునట్లు చంక క్రిందికి తెచ్చినది; కోత మీద బరువు తొలగిపోయినది. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండునట్లు పట్టి, నోరు పెద్దదిగా తెరచు వరకు వేచియుండి, రొమ్మును బిడ్డకు అందించుటకు మారుగా బిడ్డనే రొమ్మునకు చేర్చుమన్నది. గడ్డము రొమ్మున ఒరసియుండుట, క్రింది పెదవి వెలుపలికి తిరిగియుండుట, చనుమొన చుట్టునున్న నల్లని వలయము బిడ్డ పై పెదవి మీద ఎక్కువగాను క్రింద తక్కువగాను కనబడుట, బుగ్గలు లోపలికి గుంటపడక నిండుగా ఉండుట: ఈ గురుతులను ఒక్కొక్కటిగా తల్లి కంటికి చూపించినది. కొంతసేపటికి గుటక చప్పుడు మాకందరికిని వినబడినది. "నొప్పి తగ్గింది సిస్టర్" అని మా పిల్ల ఆశ్చర్యముతో అన్నది. అప్పటివరకు నొప్పి ఉండుట సహజమనుకొన్నదట పాపము!

ఈ విద్యలో చేతి నేర్పుకంటె కంటి ఓర్పు మిన్న. ముందు చూచుట, పిదప చెప్పుట. బిడ్డను చూచుట వలన, తలచుట వలన, తాకుట వలన స్తన్యము ప్రవహించుననియు, ఆ ప్రవాహమునకు ఎడతెగని స్నేహమే హేతువనియు సుశ్రుత సంహిత చెప్పుచున్నది. నేటి వైద్యులు ఆక్సిటోసిన్ అను పేరుతో వివరించునది ఇంచుమించు ఈ సంగతినే: బిడ్డ చప్పరించినప్పుడు, ఒడిలో చేరినప్పుడు, ఒక్కొక్కప్పుడు ఏడ్పు చెవినబడినంత మాత్రమున ఆ హార్మోను విడుదలయై పాలు చేపుకొని వచ్చును, నొప్పియు, భయమును, అవమానమును దానిని వెనుకకు పట్టును. కనుక బాలింతను గద్దించి పాలిప్పింపజూచుట క్రూరము మాత్రమే కాదు, వైద్యశాస్త్రమునకును విరుద్ధము.

ఇట్లనుటకు కారణమున్నది. తెలిసిన తల్లులను కదలించి అడిగినప్పుడు వారు చెప్పిన అనుభవములన్నియు మా గదిలోని ఉదయము వంటివి కావు. గుంటూరులో బడిపంతులమ్మగా ఉన్న ఒకామె వద్దకు వచ్చిన కౌన్సెలరు మాటయైన ఆడక రొమ్మును పిడికిట పట్టుకొని, బిడ్డ తలను వెనుకనుండి దానికి అదిమినదట. "అది నా ఒళ్ళు కాదన్నట్టు పట్టుకుందండీ" అని ఆమె నాతో అన్నప్పుడు, బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నను, ఆ గొంతులో బాధ ఇంకను పచ్చిగనే ఉన్నది. తల వెనుక చేయిపెట్టి నొక్కినచో ఏ శిశువైనను వెనుకకు విరుచుకొనును. ఆ విరుపును చూచి బిడ్డకు రొమ్ము ఇష్టము లేదని మరల తల్లికే చెప్పుదురు. ఇంకొకామెకు పగటి డ్యూటీవారు ఒక పూటకు ఒకే రొమ్ము ఇమ్మనగా, రాత్రి డ్యూటీవారు రెండును ఇమ్మన్నారట. మరొకామె చనుమొనలు పగిలి నెత్తురు కారుచుండగా ఆదుకొనుమని పిలిచినచో, తల్లిపాల మహిమను గూర్చి గోడ పటము ముందర ఉపన్యాసము దొరికినది. "అమృతమని నాకూ తెలుసు, నొప్పికి ఏం చెయ్యాలో చెప్పమన్నాను" అన్నది ఆమె. న్యూజెర్సీలో ఉన్న మన అమ్మాయి ఒకతె చెప్పినది వీనికి భిన్నము. ఇంటికి వచ్చిన సలహాదారు, పాలిచ్చుటకు ముందును తరువాతను బిడ్డను సన్నని తూనిక మీద తూచి, త్రాగినది తక్కువయని తేల్చి, కొన్నాళ్లు పోతపాలు కొంత కలుపుకొనుచు పంపుతో పాలు తీయుచుండవలెనని చెప్పి, మరల వచ్చి చూచి, క్రమముగా పోతపాలు మాన్పించినదట. అక్కడి 2010 నాటి ఆరోగ్య చట్టము మూలమున ఈ సలహాకగు ఖర్చును బీమా సంస్థలు చాలవరకు భరింపవలసియున్నది. విజయవాడనుండి పోయి ప్రక్కన కూర్చున్న ఆమె తల్లి, ఆ తూనిక ముల్లు కదలిన తరువాతనే మనుమరాలి కడుపు నిండుచున్నదని నమ్మినదట.

నమ్మకమునకు ఆధారము చూపుట కౌన్సెలరు చేయవలసిన పనులలో నా దృష్టికి చాల పెద్దది. సీసాలో గీతలుండును, రొమ్మున గీతలుండవు. తల్లి భయమంతయు అక్కడనే. మా పిల్లకు ఆమె లెక్క నేర్పినది: అయిదవ దినము మొదలు బిడ్డ రోజుకు ఆరు మార్లకు తగ్గకుండ మూత్రము పోయవలెను, తొలి దినములలో బరువు కొంత తరుగుట సహజము, పదవ వంతుకు మించి తరిగినచో డాక్టరు చూడవలెను, రెండు వారములలోపుగా పుట్టిననాటి బరువు మరల రావలెను, రేయింబవళ్లు కలిపి ఎనిమిది మొదలు పండ్రెండు మార్లు పాలడుగుట ఆకలి తీరకపోవుటకు గుర్తు కాదు. ఈ లెక్క చేతికి వచ్చిన నాటినుండి మా పిల్ల ఇరుగుపొరుగుల మాటలకు బెదరలేదు.

పెద్దవాండ్రను గూర్చియు ఒక మాట చెప్పవలెను. చదువుకొన్నవారు అమ్మమ్మలను అజ్ఞానులని త్రోసివేయుట చూచుచున్నాము. ఆముదము పోయుట, పంచదార నీళ్లు పట్టుట, ముర్రుపాలు పారబోయుట మానవలసినవే, సందేహము లేదు. కాని బాలింతను ఒంటరిగా విడువరాదనియు, వేళకు వేడి అన్నము పెట్టవలెననియు, ఇంటి పనినుండి తప్పించి నిదుర పోనీయవలెననియు ఆ ముసలివారు పట్టిన పట్టు ఏ ఆసుపత్రియు ఇవ్వలేని వైద్యము. వారి ఉగ్గుగిన్నె నేటికిని పనికివచ్చుచున్నది. పిండిన పాలను సీసాతో పట్టినచో రబ్బరు పీకకు అలవాటుపడి రొమ్ము వదలునను భయమున్నచోట, బాగుగా మరిగించిన చిన్న గిన్నెతోనో చెంచాతోనో పట్టుమని కౌన్సెలర్లు చెప్పుచున్నారు. మా గదికి వచ్చినామె మా చెల్లెలిని పిలిచి, "అమ్మా, రాత్రిపూట దిండు సర్దే పని మీది, నేనుండను కదా" అని ఆ పని ఆమెకు నేర్పి అప్పగించినది. అంతవరకు డబ్బా తెప్పింతునా వద్దాయని ఊగులాడుచున్న మా చెల్లెలు ఆనాటినుండి కాపలాకాసినది.

పాలు నిజముగనే చాలని తల్లులును కలరు. కాన్పులో రక్తము విశేషముగా పోయినవారికి, థైరాయిడు వంటి వ్యాధులున్నవారికి, రొమ్మునకు పూర్వము శస్త్రచికిత్స జరిగినవారికి ఈ కష్టము రావచ్చును. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ఇతర తల్లుల పాలను సేకరించి శుద్ధిచేసి ఇచ్చు నిధి ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 1989లో వెలసినది. మన హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలోను ధాత్రి పేరిట అట్టి నిధి ఉన్నది. అదియు దొరకనిచోట డబ్బాపాలు ఔషధము వంటివే, వానిని పట్టిన తల్లి తలవంచుకొనవలసిన పని లేదు. తలవంచుకొనునట్లు చేసెడి సలహాదారు తన వృత్తికి ద్రోహము చేయుచున్నది. అయితే ఔషధమును అవసరము చూచి ఇచ్చుట వేరు, అంగడి సరుకుగా అంటగట్టుట వేరు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాపారమునకు నియమావళి విధించినది; మన పార్లమెంటు 1992లో చట్టము చేసి, 2003లో దానిని బిగించి, రెండేండ్లలోపు పిల్లల పాలపొడులకు ప్రకటనలను, ఉచిత నమూనాలను, తల్లులకు కానుకలను నిషేధించినది. తల్లికి సలహా చెప్పువారి చేతిలో ఏ కంపెనీ సంచియు ఉండరాదు.

ఈ వృత్తికి నాంది పలికినవారు సామాన్య గృహిణులు. 1956లో అమెరికాలో, షికాగో నగరము చెంత, ఏడుగురు తల్లులు కూడి లా లెచె లీగ్ అను సంఘము పెట్టి, ఒకరి కష్టము నొకరు చూచి చెప్పుకొనుట మొదలిడినారు. 1985 నాటికి అది పరీక్షయు పట్టమును గల ఉద్యోగమైనది. మన దేశమున ప్రభుత్వము 2016లో 'మా' అను పేరుతో తల్లిపాల కార్యక్రమమును ఆరంభించినది. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆశా కార్యకర్త పోయి చూడవలెనను విధియు కలదు. విధి మంచిది, రొమ్ములు గడ్డకట్టి జ్వరము తగులునది, చనుమొనలు పగులునది చాలమందికి ఇంటికి చేరిన తరువాతనే. ఆ పోయెడి ఆశా తల్లికి తూనికతోపాటు ఒక పూర్తి పాలపూటను కూర్చుండి చూచునంత తీరికను, శిక్షణను, తగిన జీతమును ఇయ్యవలెను. ప్రసవములు జరుగు ప్రతి ఆసుపత్రిలో, అది సర్కారుదైనను ప్రైవేటుదైనను, రాత్రివేళ కూడ ఒక కౌన్సెలరు ఉండవలెను. బిడ్డలు ఏడ్చునది, తల్లులు ధైర్యము కోల్పోవునది ఎక్కువగా రాత్రులయందే గదా!

మీ యింట పురుడు రానున్నచో, పాఠకులారా, మంచి గదిని గూర్చి విచారించునప్పుడే ఆ ఆసుపత్రిలో పాలిచ్చుటకు సాయపడువారున్నారా యనియు విచారింపుడు. డిశ్చార్జి కాగితములు చేతికి వచ్చుటకు ముందు, మా అమ్మాయి పాలిచ్చుచుండగా ఒక పూట మొదటినుండి చివరివరకు చూచి చెప్పండని అడుగుడు. అట్లు అడుగుట మీ హక్కు. చూచుట వారి విధి.